గొలుసు సంగతి నేనే చెప్పాను

మాటిచ్చి తప్పావు కదా అని మా చెల్లెలు ఇప్పటికీ దెప్పుతుంది. తప్పాను. మళ్ళీ అలాంటి రాత్రే వస్తే మళ్ళీ తప్పుతాను.

కంచరపాలెంలో మా వీధిలో నా స్నేహితురాలు చీటీ నడిపేది. ఇరవై మంది ఆడవాళ్ళం, నెలకి ఐదు వేలు, లక్ష చీటీ. మొదటి నెలది పాట లేకుండా నడిపేవాళ్ళకే. మూడో నెల పాడుకున్నావిడ డబ్బు చేతికి రాగానే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. మిగిలిన పదిహేడు వాయిదాలు, అంటే ఎనభై ఐదు వేలు, నా స్నేహితురాలి నెత్తిన పడ్డాయి. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం ముందే అనుమతి తీసుకుని రిజిస్టరు చేయించాలి. మా వీధి చీటీకి అవేం లేవు, ఇక పోలీసుల దగ్గరకి ఏ మొహంతో పోతుంది? రెండు తులాల గొలుసు తాకట్టు పెట్టి ఆ వాయిదాలు తనే కట్టుకొచ్చింది. నాకొక్కదానికే చెప్పింది. "ఎవరికీ చెప్పకే, మా ఆయనకి అసలే వద్దు" అంది. సరేనన్నాను.

మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి బయల్దేరుతుంటే వాళ్ళాయన చూశాడు, మెడ బోసిగా ఉంది. (ఆ క్యూలో ఆడవాళ్ళం ఉన్న బంగారమంతా దిగేసుకుని నిలబడతాం. భక్తో, ప్రదర్శనో అమ్మవారికే తెలియాలి.) గొలుసేదంటే ఓసారి అమ్మగారింట్లో ఉందంది, ఓసారి మెరుగుకిచ్చానంది. పైగా ఆ పారిపోయినావిడ కోసం డాబా ఎక్కి గుసగుసగా ఫోన్లు. ఆయన అనుమానం ఎటు పోయిందో చెప్పక్కర్లేదు.

వారం రోజులు కేకలు. నేను నోరు మెదపలేదు. ఒక రాత్రి గిన్నెలు గుమ్మం బయట పడ్డాయి, వాళ్ళ పిల్ల వణుకుతూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. అప్పుడు వెళ్ళాను. ముందు తననే అడిగాను, "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని. తల అడ్డంగా ఊపింది.

"అన్నయ్యా, గొలుసు తాకట్టులో ఉంది. చీటీలో ఒకావిడ ఎగ్గొట్టింది. మరేం లేదు" అన్నాను. రసీదు బియ్యం డబ్బాలో ఉందని కూడా చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తను నా వైపు చూడలేదు.

వామనుడికిచ్చిన మాట తప్పమని శుక్రాచార్యుడు బలికి చెప్పిన పద్యం మా నాన్న తరచూ చదివేవారు. ప్రాణం, విత్తం, మానం పోయేచోట బొంకినా పాపం లేదట. బలి వినలేదనుకోండి, అది వేరే కథ. ఆ జాబితాలో మానం ఉంది గానీ, గొడవ సద్దుమణగడం కోసం అన్న మాట లేదు. నాకదే సబబనిపిస్తుంది. మొగుడూ పెళ్ళాం అరుచుకున్నప్పుడల్లా మనం మూటలు విప్పేస్తే వీధిలో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పుకోలేరు. ఆ రాత్రి మాత్రం తన మీద పడ్డ నింద అబద్ధమని తెలిసిన మూడో మనిషిని నేనొక్కదాన్నే.

నాకు నిద్ర పట్టనిది ఇంకో సంగతికి. చీటీలో మిగతా ఆడవాళ్ళకి నేనేమీ చెప్పలేదు. ఇడ్లీ బండి పెట్టుకున్నావిడ ఉంది, ఇళ్ళలో పనికెళ్ళే అక్కచెల్లెళ్ళున్నారు. వాళ్ళ డబ్బు ఒక గొలుసు మీద వేలాడుతోందని తెలిసీ ప్రతి నెలా పాటలో వాళ్ళ పక్కనే కూర్చుని టీ తాగాను. చెబితే అందరూ ఒక్కసారి మీద పడి చీటీ ఆ రోజే మునిగేది, అప్పటికి పాడుకోనివాళ్ళు నష్టపోయేవాళ్ళు. అదే లెక్క వేసుకున్నాను. వాళ్ళాయన సొసైటీలో లోను తీసి పూడ్చాడు కాబట్టి అందరికీ ముట్టింది. లోను రాకపోయి ఉంటే? చెల్లెలు దీని గురించి ఎప్పుడూ అడగదు.

నా స్నేహితురాలు నాతో మాట్లాడుతుంది. కూరగాయల ధరలు, పిల్ల చదువు, నీళ్ళ ట్యాంకరు, అంతవరకే. ఈమధ్య కొత్త చీటీ మొదలుపెట్టిందట, ఈసారి వాళ్ళాయనే పుస్తకం రాస్తున్నాడట. నన్ను చేరమని అడగలేదు. అడిగితే చేరేదాన్నని కూడా చెప్పలేను.