చూస్తే తెలుస్తోంది కదండీ

మన కమిటీ కన్వీనరు, అదే మన రేడియో గాడు, వారంలో నాలుగుసార్లు ఫోన్ చేశాడు. మన పదో తరగతి బ్యాచ్ స్వర్ణోత్సవ సంచికకు అందరూ రాసిచ్చేశారట, నేనొక్కణ్ణే మిగిలానట. "రెండు పేజీలు చాలు. పాస్‌పోర్టు ఫొటో ఒకటి పంపు, మరీ ముసలాడిలా ఉన్నది వద్దు" అని కమిటీ తరఫున ఆజ్ఞ. ఏం రాయమంటావురా అంటే, "నీ ఇష్టం. ఆ కాంపోజిట్ గొడవ మాత్రం ఎత్తకు" అన్నాడు. అందుకని అదే రాస్తున్నాను.

ఇప్పటి పిల్లలకు పదో తరగతి అయ్యాక ఎం.పి.సి.నా, బై.పి.సి.నా అని టెన్షన్. మనకు ఆ ముచ్చట రెండేళ్ళ ముందే తీరింది. 1972 జూన్‌లో తొమ్మిదో తరగతి గదిలో అడుగుపెట్టిన మూడో రోజో నాలుగో రోజో ఒక తెల్లకాగితం చేతిలో పెట్టి, కాంపోజిట్ లెక్కలా జనరల్ లెక్కలా రాసి, ఇంట్లో సంతకం పెట్టించుకు రమ్మన్నారు. కాంపోజిట్ లేకపోతే ఇంటర్లో ఎం.పి.సి. లేదు. ఎం.పి.సి. లేకపోతే గోదావరి మీద ముక్తేశ్వరం రేవు దాటి కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీకి పోయే దారి లేదు. ఈ సంగతి ఆ గదిలో ఎంతమందికి తెలుసు? నాకైతే తెలీదు. నాకు తెలిసిందల్లా కాంపోజిట్‌లో సిద్ధాంతాలుంటాయి, జనరల్‌లో వడ్డీ లెక్కలుంటాయి, కాంపోజిట్‌కి మనం దత్తాంశం మాస్టారని పిలుచుకునే లెక్కల మాస్టారు వస్తారు, మాస్టారితో పాటు చింతబరికె కూడా వస్తుంది.

ఆడపిల్లల్ని ఎవరూ అడగనే లేదు, అందరికీ జనరల్ అని రాసేసుకున్నారు. కరణంగారమ్మాయి ఒక్కతే లేచి నిలబడి "నాది కాంపోజిట్ అండి" అంది. వెనక బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆవిడ లెక్కల లెక్చరరై, ప్రిన్సిపాలుగా రిటైరయ్యారు. మన బ్యాచ్‌లో లెక్కల మీద బతికిన మనిషి ఆవిడొక్కరే, మన ఇంజనీర్లు ఏమనుకున్నా సరే.

నేను జనరల్ అని రాశాను. దీనికి గొప్ప కారణం ఏమీ లేదు. రేడియో జనరల్ అని రాశాడు, అంతే. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. వాడు ఏ కాలవలో దూకితే నేనూ అందులోనే.

ఆ కాగితం ఇచ్చిన రెండో రోజు రాత్రి మాస్టారు మా ఇంటికి వచ్చారు. సన్నగా వాన, కరెంటు లేదు. ఆ గొడుగు మీకందరికీ గుర్తుండే ఉంటుంది, ఒక ఊచ ఎప్పుడూ బయటికి పొడుచుకుని ఉండేది. అప్పుడే కొబ్బరి దింపు తీయించి వచ్చి, అరుగు మీద కాయ లెక్క చూసుకుంటున్నారు నాన్న. మాస్టార్ని చూసి తత్తరపడి లేచి కండువా దులిపారు. నేనేదో వెధవపని చేశాననే అనుకున్నారు. అమ్మ మజ్జిగ తెచ్చింది.

"మీవాడు జనరల్ రాశాడండి" అన్నారు మాస్టారు, ఫలానావాడు దొంగతనం చేశాడండి అన్నట్టు.

"రాస్తే రాశాడులెండి. కాయ లెక్క తేలడం, వడ్డీ కట్టడం వస్తే నాకంతే చాలు మాస్టారండి."

"వడ్డీ కట్టడం వీడికి వచ్చనే కదండీ నేనొచ్చింది. వచ్చిందాన్నే ఇంకో రెండేళ్ళు నేర్పడం దేనికి?"

నాన్న దగ్గర జవాబు లేదు. మాస్టారు జేబులోంచి సుద్దముక్క తీశారు. కాయలు పక్కకి జరిపించి, లాంతరు దగ్గరకి లాక్కుని, అరుగు గచ్చు మీద ఒక సమద్విబాహు త్రిభుజం గీశారు. ఈ రెండు భుజాలు సమానంరా, కింద ఈ రెండు కోణాలూ సమానమేనా అని అడిగారు. సమానమేనండి అన్నాను. ఎలా చెప్పగలవు అన్నారు.

"చూస్తే తెలుస్తోంది కదండీ."

ఈ మాట బయటికి ఎలా పొక్కిందో నాకిప్పటికీ తెలీదు. నాన్న చెప్పరు, మాస్టారు చెప్పరు. మర్నాటికల్లా బడంతా పాకింది. యాభై ఏళ్ళయినా మీలో సగం మంది నన్ను పేరు పెట్టి పిలవరు.

మాస్టారు కోప్పడలేదు. "నీకు తెలుస్తోంది సరే, నీ పక్కవాడు గుడ్డివాడనుకో. వాడికెలా చెప్తావు?" అన్నారు. నేను చాలాసేపు ఆ గచ్చుకేసి చూస్తూ కూర్చున్నాను. పైకొస నుంచి కిందికి ఒక గీత గీయొచ్చునని నాకు తోచలేదు. ఆయన గీయలేదు కూడా. సుద్దముక్క నా చేతిలో పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. తెల్లారి అమ్మ అరుగు కడుగుతుంటే ఆ మూల కడగొద్దని పేచీ పెట్టాను.

అప్పటికి నా మనసు కాంపోజిట్ వైపు తిరిగింది. నిజంగానే తిరిగింది. మర్నాడు వెళ్ళి 'ఎ' సెక్షన్‌లో కూర్చున్నాను కూడా. ఒక్క పీరియడు. పక్కన మనం గోళీసోడా అని పిలిచేవాడు. కిటికీలోంచి చూస్తే తాటాకు పాకలో 'బి' సెక్షన్, అందులో మా బెంచీ, దాని మీద ఒక్కడే కూర్చుని రేడియో గాడు. నాకేసి చూసి, పక్కనున్న ఖాళీ చోటు చేత్తో తుడిచాడు. గంట కొట్టగానే పుస్తకాలు పట్టుకుని పాకలోకి వెళ్ళిపోయాను.

తరవాతి కథ మీకు తెలిసిందే. పదిరోజుల తరవాత కాకినాడ నుంచి రేడియో వాళ్ళ మేనమావ దిగాడు. జనరల్ అని విని, వీధిలో నిలబెట్టి దులిపేశాడు. రేడియో 'ఎ' సెక్షన్‌కి మారిపోయాడు. ఆ వార్త నాకు చెప్పడానికి మాత్రం ఆ రేడియోకి నోరు రాలేదు. బెంచీ ఖాళీగా కనపడితే జ్వరమేమో అనుకున్నాను. నేనూ మారతానని వెళ్ళేసరికి పేర్లు రిజిస్టర్లోకి ఎక్కేశాయి, ఇక కుదరదు పొమ్మన్నారు. ఒరేయ్ రేడియో, ఈ పేరా కత్తిరించావంటే మాత్రం ఊరుకోను.

అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ తీర్పు వచ్చింది, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని. దాని వెంటే ప్రత్యేకాంధ్ర కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం. బళ్ళు మూతపడ్డాయి. రోడ్ల మీద చెట్లు, ఊరేగింపులు, ఇవాళ తెరుస్తారు రేపు తెరుస్తారు అంటూనే నెలలు గడిచిపోయాయి. జనవరిలో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావుగారు దిగిపోయి రాష్ట్రపతి పాలన వచ్చిందన్న కబురు మా రేడియోయే మోసుకొచ్చాడు, పెట్టె రేడియో కన్నా ముందు.

ఆ నెలల్లో మాస్టారు తన ఇంటి అరుగు మీదే పాఠం పెట్టారు. ఫీజు లేదు, హాజరు లేదు. చింతబరికె కూడా లేదు, అది బళ్ళో ఉండిపోయింది. కాంపోజిట్ వాళ్ళు పన్నెండు మందో పదమూడు మందో వచ్చేవారు. రేడియోతో మాటల్లేవు గానీ, వాడి వెనకాలే నేనూ వెళ్ళేవాణ్ణి. మొదటిరోజు మెట్ల మీద కూర్చున్నాను. మాస్టారు చూసి ఏమీ అనలేదు. మూడో రోజు "ఆ మెట్టు మీద ఎండ, పైకి రా" అన్నారు. అంతే, నా అడ్మిషన్ అయిపోయింది.

లెక్కలో ఇచ్చింది దత్తాంశం, రుజువు చేయాల్సింది సారాంశం, అందుకు గీసేది నిర్మాణం, రుజువు ఉపపత్తి. ఏ పరీక్షలోనూ నేను రాయనక్కర్లేని సిద్ధాంతాలన్నీ ఆ అరుగు మీద నేర్చుకున్నాను. సమద్విబాహు త్రిభుజంలో పైకొస నుంచి కిందికి గీత గీస్తే రెండు త్రిభుజాలవుతాయనీ, అవి సర్వసమానమనీ మాస్టారు బోర్డు మీద చూపించినరోజు, ఎనిమిది నెలల కింద మా అరుగు మీద నాకెందుకు తోచలేదా అని ఏడుపొచ్చింది. పక్కనుంచి ఎవరో "చూస్తే తెలుస్తోంది కదండీ" అన్నారు. అది గోళీసోడా గొంతని నా అనుమానం. వాడు లేడు ఇప్పుడు, పోనీలెండి.

పదో తరగతి గురించి రాయడానికేమీ లేదు. చదివాం, రాశాం, పాసయ్యాం. నా సర్టిఫికెట్టులో జనరల్ అనే ఉంది. అమలాపురంలో సి.ఇ.సి., ఆ తరవాత బి.కాం., 1981లో బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. నాన్న అన్నట్టు వడ్డీ కట్టడమే నా బతుకయింది.

1988 నాటికి ఆఫీసరునయ్యాను. రిటైరైన మాస్టారు కూతురి దగ్గర ఉంటున్నారు, అదే ఊళ్ళో మా బ్రాంచి. ఖాతా అక్కడే. అప్పట్లో కంప్యూటర్లు లేవు, ఆరునెలలకోసారి సేవింగ్స్ ఖాతాలన్నిటికీ చేత్తో వడ్డీ కట్టేవాళ్ళం. ఏడాదికి నూటికి 5 రూపాయలు. నెలలో 10వ తారీకు నుంచి నెలాఖరు దాకా ఉన్న నిల్వల్లో ఏది తక్కువైతే దాని మీదే లెక్క. లెడ్జర్లో గుమాస్తా ప్రొడక్టులు, అంటే వడ్డీ కట్టాల్సిన నెలవారీ నిల్వలు, వేసేవాడు, ఆఫీసరు సరిచూసి సంతకం పెట్టేవాడు.

జూలైలో ఒకరోజు మాస్టారు నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు. అదే గొడుగు. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచారు. ఎర్రసిరాతో గుండ్రటి అక్షరాలు.

దత్తాంశము: ఖాతాదారుడు ఏప్రిల్, మే, జూన్ నెలలలో ప్రతి నెల 8వ తేదీలోగా 800 రూపాయలు జమ చేసెను. నెలాఖరు వరకు ఏమియు తీయలేదు.

సారాంశము: బ్యాంకు ఖాతాదారునకు 10 రూపాయలు బాకీ.

కింద ఉపపత్తి. నెలకు 800 చొప్పున మూడు నెలలకు 2400 వదిలేశారు. 2400ను 5తో గుణించి 1200తో భాగించగా 10. లెడ్జరు తెప్పించి చూశాను. నిజమే. 10వ తారీకు నుంచి చూడాల్సింది 1వ తారీకు నుంచి చూసి, తక్కువ నిల్వ వేసుకున్నారు.

"చూస్తే తెలుస్తోంది కదండీ, తప్పు మాదే" అనేశాను. నోరు జారాక గానీ ఏమన్నానో తెలియలేదు.

మాస్టారు కళ్ళజోడు మీంచి చూశారు. "ఇది వేసినవాడు కాంపోజిటా, జనరలా?"

గుమాస్తా కొత్త కుర్రాడు, ఎమ్మెస్సీ మ్యాథ్స్. "కాంపోజిటేనండి" అన్నాను.

"సంతకం పెట్టినవాడో?"

"జనరలండి."

మాస్టారు నవ్వగా చూసినవాళ్ళు మన బ్యాచ్‌లో ఎవరైనా ఉన్నారా? నేను చూశాను. కౌంటర్లో జనం తిరిగి చూసేంత గట్టిగా నవ్వి, అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. అప్పటికప్పుడు ఓచరు రాసి 10 రూపాయలు జమ వేశాను. పాసుబుక్కులో పడేదాకా కదల్లేదాయన.

2019లో చీఫ్ మేనేజరుగా రిటైరయ్యాను. ఇరిగేషన్‌లో పెద్ద ఇంజనీరుగా చేసిన మన కమిటీ కన్వీనరుగారు కట్టుకున్న ఇంటికి లోను ఇచ్చింది ఈ జనరల్ వాడే. వాడి స్లాబు ఇప్పటికీ కారుతోంది, నా లోను మాత్రం పైసా బకాయి లేకుండా తీరింది. ఇది కూడా కత్తిరించకు.

రెండు పేజీలు దాటిపోయినట్టున్నాయి. ఫొటో పంపడం లేదు. ఏది చూసినా ముసలాడిలాగే ఉన్నాను. దాని బదులు మాస్టారి కాగితం స్కాన్ తీయించి పంపుతున్నాను. ఎర్రసిరా కాస్త వెలిసింది, ప్రెస్సువాడికి చెప్పి ముదురుగా వేయించండి. మడతల దగ్గర జాగ్రత్త.