సంగటి అన్నమైపోయిన తొమ్మిదో పేజీ

నిన్న మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. రంగస్థల కళల పీజీలో నాకు సీటు ఇచ్చారు. మా ట్రూపులో ఇద్దరు వచ్చే ఏడాది ఎంట్రన్స్ రాస్తామంటున్నారు. వాళ్ల కోసం, అన్నీ గుర్తుండగానే రాసిపెడుతున్నాను.

నేను బీకాం చదివి, అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఐదేళ్లు లెక్కలు చెప్పాను. రాత్రిళ్లు నాటికలు రాశాను. మూడు రాస్తే ఒకటి నిలబడింది, ‘ఏడో బోరు’. మా పెదనాన్న శెనక్కాయ చేను కోసం ఆరు బోర్లు వేసి అప్పులపాలయ్యాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు చూసేవాడు చెప్పిన చోటల్లా వేశాడు. ఏడో బోరు వేసిన రాత్రి రిగ్గు నుంచి తెల్లటి పొడి తప్ప ఏమీ రాలేదు. ఆ రాత్రి ఇంట్లో జరిగిందే నాటిక. మా అవ్వతో కలిపి మూడు పాత్రలు, ఒక నులకమంచం, బయట రిగ్గు చప్పుడు.

మొదట స్నేహితురాలి మిద్దె మీద ఎనిమిది మందికి చదివి వినిపించాను. ఇరవై ఎనిమిది పేజీలకు యాభై రెండు నిమిషాలు పట్టింది. పోటీకి పంపేముందు గడియారం ముందు పెట్టుకుని గట్టిగా చదవండి, మనసులో చదువుకుంటే లెక్క తప్పుతుంది. ఆ రోజు ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత నాటక పరిషత్తు పోటీ. ఇవి ఎక్కువగా కోస్తా ఊళ్లలోనే జరుగుతాయి. ఇక్కడి నుంచి సెట్టు సామానుతో ఏడుగురం పోవాలంటే రైలు ఖర్చే పెద్ద భారం. స్క్రిప్టు అందాక అక్కడి పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేశారు. “బాగా రాశావమ్మా. కానీ ఆ యాస ఇక్కడి వాళ్లకు అందదు. అవ్వ మాటలు కాస్త సరిచెయ్యి, రచనకు బహుమతి ఖాయం” అన్నారు. “సరే సార్” అన్నాను. రాత్రంతా కూర్చుని ఇరవై ఎనిమిది పేజీలూ మార్చేశాను. మా డైరెక్టరన్న చదివి, “అవ్వ నోరు కుట్టేస్తాండావు పాపా” అన్నాడు. నేను వినలేదు. ద్వితీయ ఉత్తమ రచన బహుమతి వచ్చింది. శాలువా, షీల్డు, మూడు వేలు. మా జిల్లా నుంచి ఆ ఏడు అక్కడ రచనకు బహుమతి తెచ్చుకున్నది నేనొక్కదాన్నే. స్కూల్లో ప్రేయర్‌లో అందరి ముందూ చెప్పారు.

అవార్డుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సాహిత్య అకాడమీ యువ పురస్కారం 35 ఏళ్లలోపు వాళ్లకు ఇస్తారు. 50 వేల రూపాయలు, తామ్ర ఫలకం. దానికి అచ్చయిన పుస్తకం ఉండాలి. మన నాటికలు జెరాక్సు కాపీలుగా తిరిగి తిరిగి చిరిగిపోతాయే తప్ప పుస్తకం కావు. ఉత్తమ రచన అని షీల్డు ఇచ్చే పరిషత్తులు ఆ షీల్డుల డబ్బుతో ఏడాదికి ఒక సంపుటి వేయించినా ఎందరో రచయితలు బతుకుతారు.

ఇక పీజీ. రంగస్థల కళలు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీలోనూ తెలుగు విశ్వవిద్యాలయంలోనూ ఉన్నాయి. నేను ఎక్కడ చేరుతున్నానో ఇప్పుడు చెప్పను. రాతపరీక్ష కష్టం కాలేదు. మైగ్రేషన్ సర్టిఫికెట్ రెండు రోజుల్లో చేతికొచ్చింది. చదువు ఆపిన ఏళ్లకు అడిగే గ్యాప్ సర్టిఫికెట్ కోసం మాత్రం ఒక ఆఫీసు చుట్టూ పదకొండు రోజులు తిరిగాను. “నాటకాల చదువుకు ఇవన్నీ ఎందుకు?” అని అక్కడి గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోను. స్క్రిప్టు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే ముందే యూనికోడ్‌లోకి మార్పించుకోండి. నాది మారేటప్పుడు ఒత్తులన్నీ చెదిరిపోయాయి, చివరి రాత్రి మళ్లీ టైపు చేసుకున్నాను.

ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. మధ్యలో ఒక మేడమ్ నా స్క్రిప్టు తిరగేసి, “తొమ్మిదో పేజీ చదవండి” అన్నారు. అవ్వ కొడుకుతో మాట్లాడే చోటు అది. చదివాను.

“నీళ్లు పడలేదా నాయనా? పోనీలే. ఈ నేల ఎప్పుడు మన మాట విన్నది గనక? కాస్త అన్నం తిని పడుకో.”

“ఈమెది ఏ ఊరు?”

“తాడిపత్రి దగ్గర పల్లె మేడమ్. మా అవ్వే.”

“ఆరు బోర్లు ఎండిపోయిన ఇల్లు. ఆ రాత్రి మీ ఇంట్లో ఏం తిన్నారు?”

“సంగటి.”

“మరి ఇక్కడ అన్నం అని ఉందే?”

ప్రేక్షకులకు అర్థం కాదేమోనని మార్చానన్నాను. ఆమె కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. “ఈ మాటలు వింటే మీ అవ్వ తనవేనని గుర్తుపడుతుందా?” అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. పక్కనున్న సార్, “తాడిపత్రి అంటే బళ్లారి రాఘవ పుట్టిన ఊరు కదమ్మా” అన్నారు. రాఘవ 1880లో పుట్టారనీ, తెలుగులో విషాదాంత నాటకానికి దారి వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయన మేనమామ అనీ నాకు తెలుసు, పరీక్షకు చదివాను. ఒక్క ముక్క బయటికి రాలేదు. చెవులు మండిపోయాయి. మా అవ్వ మాటను మూడు వేలకు అమ్ముకున్నానని ఆ నలుగురికీ తెలిసిపోయినట్టు అనిపించింది.

బ్యాగులో పాత నోటుబుక్కు ఉంది. ఎందుకైనా మంచిదని అమ్మ పెట్టింది. “మొదట రాసింది చదవొచ్చా మేడమ్?” అని అడిగాను. తలూపారు.

“నీళ్లు పడల్యా? పడకపోతే పడకపోనీలేరా. నేను పుట్టినప్పట్నుంచీ సూస్తాండా, ఈ నేల యాపొద్దూ మన మాట ఇనల్యా. రోంత సంగటి తిని పండుకో.”

‘రోంత’ దగ్గర గొంతు పట్టేసింది. అవ్వ ఆ మాట అనేటప్పుడు బొటనవేలితో సంగటి ముద్దలో గుంట చేసి, ఊరిబిండి పచ్చడి పెట్టేది. నా బొటనవేలు దానంతటదే కదిలింది. మేడమ్ నా చెయ్యే చూశారు. బాగుందని ఎవరూ అనలేదు. “ఈ సీన్లో వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది?” అని తర్వాతి ప్రశ్న అడిగారు. రిగ్గు లారీ లైటు కిటికీలోంచి పడుతుందని చెప్పాను. అప్పటి నుంచి ఇరవై నిమిషాలు మాట్లాడాను, ఒక్కచోటా తడబడలేదు.

బయటికొచ్చాక ఆ ఫోన్ చేసిన పెద్దమనిషి మీద కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. యాస సరిచెయ్యమని చెప్పేవాళ్లు ఎవరి చెవికి సరిచెయ్యాలో చెప్పరు. సరేనన్నది మాత్రం నేనే. మా ట్రూపు పిల్లలకు చెప్పేది ఇదే: ఎవరేం మార్చమన్నా మొదట రాసిన నోటుబుక్కు పారేయొద్దు, ఇంటర్వ్యూకు వెంట తీసుకుపోండి.

ఈరోజు సాయంత్రం డీటీపీ అంగడికి పోయి పోటీ కాపీ ఫైలు తెరిపించాను. తొమ్మిదో పేజీ వరకు అవ్వ మాటలు మళ్లీ పెట్టించాను. అంగడి మూసే వేళయింది. మిగతా పేజీలకు రేపు పొద్దున రమ్మన్నాడు.