ఆగని హాల్టు మీదుగా కృష్ణ దాకా

కాచిగూడ నుంచి రాయచూరు పోయే డెమూలో (డీజిల్ ప్యాసింజరు బండిలో) బాలానగర్ దాటాక గానీ కిటికీ పక్కన చోటు దొరకలేదు. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల రెండో లైను 2023లో జాతికి అంకితమైంది. ఒంటి లైను కాలంలో క్రాసింగ్ పడితే, అంటే ఎదురు బండికి దారి ఇవ్వాల్సొస్తే, ఎంతసేపు ఆగేదో చెప్పలేం. సీజన్లో ఆ ఆగిన సేపట్లోనే సీతాఫలాల గంపలు పెట్టెలోకి ఎక్కేవి. బాలానగర్ రకం సీతాఫలం దేశమంతా తెలిసిందే!

మహబూబ్‌నగర్ దాటాక ఎదురు సీటు పెద్దమ్మ ఉన్నట్టుండి లేచి తలుపు దగ్గరికి పోయింది. "అగో, మా ఊరు పోతున్నది సూడు బిడ్డా" అంది. రేకుల షెడ్డు, సిమెంటు బెంచీ, సగం చెరిగిన పసుపు బోర్డు. బండి ఆగలేదు. అది హాల్టు, అంటే చిన్న ఊరి స్టేషన్. కరోనాకు ముందు అక్కడ ప్యాసింజరు ఆగేదట. ఊరి మనిషే హాల్ట్ ఏజెంటు. పెద్ద స్టేషన్ నుంచి టికెట్లు తెచ్చి, కమీషన్ మీద అమ్మేవాడు. పాల క్యాన్లు, కూలికి పోయేవాళ్ల సద్దిమూటలు, కాలేజీ పిల్లలు, అందరికీ ఆ బండే.

కరోనా తర్వాత బండ్లు తిరిగొచ్చినప్పుడు కనీస ఛార్జీ 10 నుంచి 30 రూపాయలకు పెరిగింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దించారు. ఆమె హాల్టు మాత్రం తిరిగి రాలేదు. "దేవరకద్రల దిగి ఆటోల ఎనకకు రావాలె. రైలు కంటె ఆటోకే ఎక్కువైతున్నది" అంటూ దిగిపోయింది.

దేవరకద్రలో గద్వాల లైనును వదిలి బండి పడమటికి మళ్లింది. మరికల్, జక్లేర్, మక్తల్. జక్లేర్–కృష్ణ 37 కిలోమీటర్లు 2023 అక్టోబరు 1న మొదలయ్యాయి. ఇది భాగమైన మునీరాబాద్–మహబూబ్‌నగర్ లైను మంజూరైంది 1997–98లో! మక్తల్‌లో ఎక్కిన కుర్రాళ్ల హుషారు చూస్తే నాకూ సంతోషమేసింది. మక్తల్‌ది నారాయణపేట జిల్లా. ఆ పేరు పెట్టుకున్న "నారాయణపేట రోడ్" స్టేషన్ కూడా కర్ణాటకలోని సైదాపూర్‌లో ఉండేది మరి.

కృష్ణ స్టేషన్ ముంబై–చెన్నై లైను మీద ఎప్పటి నుంచో ఉన్నదే, పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి రైల్లో రావడమే కొత్త. దిగగానే స్టేషన్ మాస్టర్‌ని ఫిర్యాదుల పుస్తకం అడిగాను. పెద్దమ్మ ఊరి హాల్టు పేరు రాసి, పొద్దున ఒక నిమిషం, సాయంత్రం ఒక నిమిషం బండి ఆపమని కోరాను.