ఆమ్హర్స్ట్ కొండ మీద ఒక మధ్యాహ్నం

మా అమ్మాయికి కాలేజీలు చూపిస్తూ నిన్న మసాచుసెట్స్‌లోని ఆమ్హర్స్ట్ కాలేజీకి వెళ్లాం. మొత్తం విద్యార్థులు సుమారు 1,900 మందే. దరఖాస్తు చేసిన పదిమందిలో ఒకరికి సీటు దొరకడమే కష్టం.

కొండ అంచున యుద్ధ స్మారకం ఉంది. ప్రపంచ యుద్ధాల్లో మరణించిన ఇక్కడి విద్యార్థుల పేర్లు రాతిమీద చెక్కారు. ఆ అక్షరాలను వేలితో తడుముతూ అమ్మాయి, "నాన్నా, ఇక్కడ ఎలాంటివాళ్లకు సీటిస్తారు?" అని అడిగింది.

నేను ఎంసెట్ రాసినవాణ్ణి. ర్యాంకు, కేటగిరీ కాగితం మీద కనిపించేవి. ఇక్కడ మార్కులతో పాటు వ్యాసం, ఉపాధ్యాయుల ఉత్తరాలు, ఇంటి పరిస్థితి అన్నీ చూస్తారు.

పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే ప్రాధాన్యాన్ని ఈ కాలేజీ 2021లో ఎత్తేసింది. అప్పటిదాకా ప్రతి ఏటా చేరేవారిలో దాదాపు 11 శాతం వాళ్లే. తాత చదివాడని మనవడికి తలుపు తెరవడం ఏం న్యాయం? ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది.

అయితే కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాది ఈ కాలేజీలో కొత్తగా చేరినవారిలో నల్లజాతి విద్యార్థులు 11 శాతం నుంచి 3 శాతానికి తగ్గిపోయారు. ఆ కేసు నడిచింది ఆసియా మూలాలున్న పిల్లలకు అన్యాయం జరుగుతోందంటూ వాళ్ల పేరు మీద, అంటే మా పిల్లల పేరు మీద కూడా. ఈ మాట నన్ను నిన్నటి నుంచి వదలడం లేదు.

అమ్మాయికి అంతా చెప్పాను. చాలాసేపు ఎదురుగా ఉన్న హోలియోక్ కొండల వైపే చూస్తూ నిలబడింది. "మరి అందరూ ఒకేలాంటివాళ్లైతే తరగతిలో మేం ఎవరితో వాదించుకోవాలి నాన్నా?" అంది.