ఏనెబావి: తొలకరి మంటల ఊరు

కీటకశాస్త్రం రికార్డులో ఎర్ర గొంగళి పురుగు బొమ్మ వేయనివాళ్లు మన వ్యవసాయ కాలేజీలో ఉండరు. ఆ పురుగుకూ ఒక ఊరి చరిత్రకూ ఉన్న లంకె మాత్రం సిలబస్‌లో లేదు. అందుకే ఈ సంచికకు ఏనెబావి ముచ్చట.

జనగామ జిల్లా (అప్పట్లో వరంగల్) లింగాల ఘనపురం మండలంలో చిన్న శివారు పల్లె అది. యాభై చిల్లర ఇళ్లు, సుమారు 280 ఎకరాల సాగు. వానాధారపు చెల్కల్లో ఆముదం వేస్తే, 1990లలో గొంగళి పురుగు ఆకు మిగల్చకుండా ఊడ్చేసేది. ముదిరిన పురుగు మీద మందు పారదు. ఒత్తైన వెంట్రుకలు మందును ఒంటికి తగలనివ్వవు. పైగా ఒక చేను తినేసి, గుంపు కట్టి పక్క చేనుకు నడుస్తుంది. కొట్టిన మందూ పోయె, పెట్టిన అప్పూ మిగిలె.

దీని గుట్టంతా నేలలో ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం గట్ల వెంట, చెట్ల కింద మట్టిలో కోశస్థ దశలోనే (కదలకుండా ఉండే ప్యూపాగా) పడి ఉంటుంది. వేసవి దుక్కి లోతుగా దున్నితే అవి పైకి తేలి కాకులకూ కొంగలకూ మేతవుతాయి. మిగిలినవి తొలకరి బాగా పడగానే రెక్కల పురుగులై లేస్తాయి. ఆ రాత్రుల్లోనే, ఏడు నుంచి పదకొండు మధ్య, అవి వెలుగుకు వచ్చి కాలిపోయేలా పొలాల్లో మంటలు వేయాలి. ఆలస్యమైతే గుడ్లు పడిపోతాయి, ఒక్కో ఆడపురుగు వందల్లో పెడుతుంది. చెత్త, కంది కట్టె ముందే తడవకుండా దాచుకోకపోతే వాన రాత్రి మంట అంటుకోదు. పున్నమి వెన్నెల్లో పురుగు వెలుగుకు అంతగా రాదు, అది వేరే తలనొప్పి. మంటలు తప్పించుకున్న వాటి పిల్లల కోసం చేను చుట్టూ కందకం తీసి జిల్లేడు, అడవి ఆముదం ఆకులు పరుస్తారు. ఆకుల కింద చేరినవాటిని అక్కడే చంపుతారు.

అయితే ఒక్కడే మంట వేస్తే ఊరి పురుగంతా వాడి చేనుకే వస్తుంది. అందరూ ఒకే రాత్రి వేయాల్సిందే. నా లెక్కలో ఏనెబావి అసలు చరిత్ర ఇక్కడే మొదలైంది. జనగామలోని క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ, తర్వాత సుస్థిర వ్యవసాయ కేంద్రం అనే మరో సంస్థ తోడు నిలిచాయి, నిజమే. కానీ కలిసి కదిలే అలవాటు ఊరికి ఈ మంటలతోనే పట్టుబడింది. ఆముదంలో గెలిచాక పత్తికీ వరికీ పురుగుమందు మానారు, ఆపై రసాయన ఎరువులూ మానారు. 2006 నాటికి ఊరు మొత్తం సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది.

మందు స్థానంలోకి వచ్చినవాటిలో ముఖ్యమైంది వేప కషాయం. ఐదు కిలోల వేప గింజల పప్పు పొడిని పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పల్చని బట్టలో వడగట్టి, నూరు లీటర్లకు పెంచి, నూరు గ్రాముల సబ్బు పొడి కలపాలి. సరిగా వడగట్టకపోతే స్ప్రేయర్ నాజిల్ పూడుకుపోతుంది. సాయంత్రమే కొట్టాలి, ఎండకు దాని చేదు విరిగిపోతుంది. 'వేప పనిచేయలేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పాత గింజ. రాలిన పండ్లను మే, జూన్, జూలైలలో ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి గోనెసంచుల్లో పోయాలి. ప్లాస్టిక్ సంచిలో పోస్తే చెమ్మ పట్టి బూజొస్తుంది, ఆ ఏటికి ఆ గింజ దండగే.