చిన్న డబ్బాకు నాలుగు తెరలు: చెరువుల మ్యాపు కోసం కార్డు వెతుకులాట

అనంతపురం చుట్టుపక్కల చెరువులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా గీసి చేర్చగల ఆన్‌లైన్ మ్యాపు) గీయడం రెండేళ్లుగా నా ఆదివారాల పని. కట్ట, తూము, నిండితే నీళ్లు పొర్లిపోయే మరవ, నీళ్లు తెచ్చే వంక, ఏదీ వదలకూడదని నా పట్టుదల. ఒక తెరలో ఉపగ్రహ చిత్రం, పక్కన సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు (నేల వివరాల మ్యాపు), మధ్యలో మ్యాపు గీసే సాఫ్ట్‌వేర్ జేఓఎస్ఎం, ఇంకోదాంట్లో కట్ట మీద తీసిన ఫొటోలు. ఇవన్నీ ఒకేసారి కళ్ల ముందు ఉండాలి. కిటికీలు మార్చుకుంటూ పోతే వంక ఎక్కడ మలుపు తిరిగిందో మర్చిపోతాను.

నా మెషీన్ ఆఫీసు వాళ్లు వాడి అమ్మేసిన చిన్న డెస్క్‌టాప్. ఆరో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 200 వాట్ల పవర్ సప్లై. వెనక తెరలు తగిలించడానికి రెండు డిస్‌ప్లేపోర్టులు, పాత రకం వీజీఏ ఒకటి. అందులోని ఇంటెల్ గ్రాఫిక్స్ మూడు తెరల దాకా నడుపుతుంది, నాకు నాలుగు కావాలి. పైగా వీజీఏకు తగిలించిన తెరలో టోపోషీటు మీది ఊళ్ల పేర్లు అలికేసినట్టు కనిపించేవి.

అందుకే విడిగా గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకున్నాను. జనవరి అంతా దాని ఎంపికకే పోయింది. అందరూ ముందు గేముల్లో ఎంత వేగమో చూస్తారు. నా పనికి చూడాల్సినవి మూడే: వెనక ఎన్ని పోర్టులున్నాయి, ఎన్ని వాట్లు తాగుతుంది, డబ్బాలో పడుతుందా. నాది లో ప్రొఫైల్ డబ్బా, అంటే కార్డు ఎత్తు సుమారు 69 మిల్లీమీటర్లు దాటకూడదు. పవర్ సప్లై నుంచి కార్డుకు విడిగా వైరు లేదు కాబట్టి స్లాటు ఇచ్చే కరెంటుతోనే నడవాలి.

జీటీ 1030 కేవలం 30 వాట్లు, కానీ మామూలుగా రెండే పోర్టులు. ఆర్ఎక్స్ 6400 దానికంటే చాలా వేగం, 53 వాట్లు, మళ్లీ రెండే పోర్టులు. జీటీఎక్స్ 1650 లో ప్రొఫైల్ రకం 75 వాట్లు. 200 వాట్ల సప్లై మీద, అనంతపురం ఎండల్లో, నాకు ధైర్యం చాలలేదు. చివరికి గేములకు కాక డిజైన్ లాంటి పనులకు చేసే వర్క్‌స్టేషన్ కార్డుల వైపు వెళ్లాను. క్వాడ్రో పీ620, టీ600 రెండిటికీ నాలుగేసి మినీ డిస్‌ప్లేపోర్టులు, రెండూ 40 వాట్లే, మందం ఒక్క స్లాటే. పీ620 చవక. అయితే అది పాత పాస్కల్ తరం, లినక్స్‌లో కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లు, దానికి 580 వరుసతో ఆగిపోయాయి. అందుకే దానికంటే కొత్తదైన ట్యూరింగ్ తరానికి చెందిన టీ600 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మూడు తెరలు చాలనుకునేవాళ్లకు 30 వాట్ల టీ400 సరిపోతుంది.

ఫిబ్రవరిలో కార్డు వచ్చింది. తీరా చూస్తే కార్డును డబ్బాకు బిగించే రేకు, అంటే బ్రాకెట్, పొడుగుది ఉంది, పొట్టిది లేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. బ్రాకెట్ లేకుండానే పెట్టేద్దామా అనిపించింది కానీ నాలుగు కేబుళ్ల బరువు కార్డు మీద పడితే పోర్టు ఊడివస్తుంది. డబ్బాలో ఖాళీ స్లాటుకు ఉన్న మూత ప్లేటు విప్పి, దాన్నీ పొడుగు బ్రాకెట్‌నూ పట్టుకుని లేత్ షాపుకు పోయాను. "దీనికింత కొలత ఏందప్పా, ఐదు నిమిషాల పని" అన్నాడాయన. మూత ప్లేటును కొలతకు పక్కన పెట్టుకుని, పొడుగు బ్రాకెట్ మీద గీత గీసి, కోసి, వంచాడు. స్క్రూ కన్నం మాత్రం రెండుసార్లు సరిచేయాల్సి వచ్చింది. ఇప్పుడు బిగుతుగా కూర్చుంది.

కార్డు పెట్టాక మదర్‌బోర్డు పోర్టులు పనిచేయలేదు. కంగారు పడక్కర్లేదు, చాలా మెషీన్లలో కార్డు ఉంటే బయోస్ (మెషీన్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) వాటిని ఆపేస్తుంది. నాలుగూ కార్డుకే తగిలించాను కాబట్టి అలాగే వదిలేశాను.

ఎక్కువ రోజులు సతాయించింది 27 అంగుళాల 4కే తెర. మౌస్ ఈడ్చుకుంటూ కదిలేది. సెట్టింగుల్లో చూస్తే 30 హెర్ట్జ్, అంటే తెర సెకనుకు 30 సార్లే మారుతోంది. కార్డు తప్పేమో అని రెండు రాత్రులు టెన్షన్ పడ్డాను. తప్పు చవక అడాప్టర్‌ది. మినీ డిస్‌ప్లేపోర్టును హెచ్‌డీఎంఐగా మార్చే పాసివ్ అడాప్టర్లు (సిగ్నల్‌ను మార్చే చిప్పు లేని చవక రకం) 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ, తెరలకు బాగానే ఉంటాయి కానీ 4కేకు 60 హెర్ట్జ్ ఇవ్వలేవు. దాన్ని తీసేసి, ఒకవైపు మినీ, ఇంకోవైపు మామూలు డిస్‌ప్లేపోర్టు ఉన్న నేరు కేబుల్ వేశాను. వెంటనే 60 వచ్చింది. మిగతా మూడు 1080పీ తెరలకు అడాప్టర్లే ఉంచాను.

తెరలన్నీ 60 హెర్ట్జ్‌లోనే పెట్టుకున్నాను. ఒక్కోటి ఒక్కో వేగంలో ఉంటే పని లేనప్పుడు కూడా కార్డు మెమరీ వేగం తగ్గక వేడెక్కుతుంది. మేలో మధ్యాహ్నం ఫ్యాన్ శబ్దం వినబడింది, అంతకు మించి ఇబ్బంది లేదు. మా వీధి ఎర్ర దుమ్ముకు నెలకోసారి మూత తీసి బ్రష్‌తో దులపాల్సిందే. యూపీఎస్‌కు డబ్బా, ఒక తెర మాత్రమే కలిపాను. కరెంటు పోయినా గీసింది సేవ్ చేసుకోవడానికి అది చాలు.

నిన్న బుక్కరాయసముద్రం చెరువు కట్టను మొత్తం మళ్లీ సరిదిద్దాను. ఎడమ తెరలో టోపోషీటు, కుడి తెరలో నా ఫొటోలు, మధ్యలో కట్ట గీత. మరవ నుంచి కిందికి పోయే కాలువ ఇంకా గీయాలి.