టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, రక్తపరీక్షలు: నా అనుభవం

నిన్న సాయంత్రం రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 4.6, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 48. రెండూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. చాలాకాలంగా నడుస్తున్న రభస ఇప్పటికి సద్దుమణిగింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు ఈ మందు ఎందుకు అవసరమైందో ముందు చెప్తాను. మా పాప పుట్టిన మరుసటి ఏడాది నాకు గవదబిళ్ళలు వచ్చాయి. పెద్ద వయసులో వస్తే కొందరికి వృషణాలు వాస్తాయి. నాకు రెండు వైపులా వాచాయి. వాపు తగ్గింది గానీ కొన్నేళ్లకు ఒంట్లో సత్తువ పోయింది, గడ్డం పెరగడం మందగించింది, చలికాలంలో కూడా ఒళ్లంతా ఆవిర్లు. షుగరా, థైరాయిడా అని చూపించుకున్నాక చివరికి హైదరాబాద్‌లో ఒక హార్మోన్ డాక్టరు దగ్గర తేలింది. ఆయన వేర్వేరు రోజుల్లో, పొద్దున పదిలోపు, పరగడుపున రెండుసార్లు రక్తం తీయించారు. రెండుసార్లూ టెస్టోస్టిరాన్ తక్కువే. వృషణాలను పని చేయమని పురమాయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు మాత్రం బాగా ఎక్కువ. మెదడు నుంచి కబురు గట్టిగానే వెళ్తోంది, వృషణాలకే చేతకావడం లేదన్నమాట. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా అని కూడా అడిగారు, ఎందుకంటే ఈ ఇంజెక్షన్ మొదలుపెడితే వీర్యకణాల తయారీ దాదాపు ఆగిపోతుంది. వద్దనుకున్నాం. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లలో ఎనాంథేట్ అనే రకం 250 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి అని రాశారు. ఖమ్మంలో మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "ఏం మాస్టారూ, జిమ్మా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. అంతవరకూ సాఫీగానే సాగింది.

అసలు కథ మూడు నెలల టెస్టు దగ్గర మొదలైంది.

చీటీలో "మూడు నెలలకు టెస్టోస్టిరాన్, సీబీసీ (రక్తకణాల లెక్క)" అని ఉంది తప్ప ఇంజెక్షన్ వేయించుకున్న ఎన్నో రోజున రక్తం ఇవ్వాలో లేదు. ల్యాబ్ ఫారంలో పేరు, వయసు, ఫోన్ నంబరు, రెఫర్ చేసిన డాక్టరు, అన్నీ అడిగారు. ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడో మాత్రం అడగలేదు. ఇంటికొచ్చి రక్తం తీసే అబ్బాయికి ఖాళీ దొరికిన రోజు నాకు సూది పడిన మూడో రోజు. రిపోర్టులో అంకె కూడా లేదు, "15.00 కన్నా ఎక్కువ" అని బోల్డ్‌లో కొట్టారు. వాళ్ల మిషన్ అంతకు మించి కొలవలేదు. పైగా పాత రిపోర్టులో 168 అని ఉంటే ఇందులో 15 ఏమిటని మా ఆవిడకు టెన్షన్, తగ్గిందేమోనని. పాత ల్యాబ్ డెసీలీటరు లెక్కలో ఇస్తుంది, ఇది మిల్లీలీటరు లెక్కలో. దీన్ని వందతో గుణించాలి. లెక్కల మాస్టారిని కాబట్టి నాకు చిటికెలో పట్టింది. అందరూ లెక్కల మాస్టార్లు కారు కదా.

మా డాక్టరుగారు ఊళ్లో లేరు. మా ఊళ్లోనే ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించుకుందామని వెళ్లాను. కారు మా బావమరిదిది, అతనూ లోపలికొచ్చి కూర్చున్నాడు. డాక్టరు రిపోర్టు చూశాడు, నన్ను చూశాడు, నా బొజ్జ చూశాడు. "ఈ వయసులో కండలు పెంచుతున్నారా మాస్టారూ? ఇది పదిహేను దాటింది తెలుసా? పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లే ఇలా చేస్తే ఎట్లా?" గవదబిళ్ళల సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. హైదరాబాద్ ఫైలు తీసి ముందు పెట్టాను. తెరవలేదు. "ఆపేయండి" అన్నాడు. కంప్యూటర్‌లో "స్టిరాయిడ్ అబ్యూజ్?" అని కొట్టించాడు. ఆ ప్రశ్నార్థకం కూడా నాకు కనపడేలా స్క్రీన్ ఇటువైపే ఉంది.

దారంతా బావమరిది ఒక్క మాట మాట్లాడలేదు. మరునాడు మా అత్తగారు ఫోన్ చేసి "బాబూ, ఆరోగ్యం జాగ్రత్త, ఆ మందులూ అవీ మనకెందుకు" అన్నారు. నాకున్న జబ్బు ఇంట్లో నాకూ మా ఆవిడకే తెలుసు. ఆ రోజుతో వాళ్ల ఊరంతటికీ తెలిసినట్టే. అదీ తప్పుగా.

పెద్ద డాక్టరు చెప్పాడు కదా అని ఇంజెక్షన్ ఆపేశాం. కొన్ని వారాలకే ఆవిర్లు తిరిగొచ్చాయి. మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే నిద్రపోయేవాణ్ని.

హైదరాబాద్ డాక్టరుగారు తిరిగొచ్చాక రిపోర్టు చూసి అడిగిన మొదటి మాట: "సూది ఏ రోజు, రక్తం ఏ రోజు?" చెప్పగానే తల పట్టుకున్నారు. ఎనాంథేట్ వేయించుకున్న మొదటి రెండు మూడు రోజుల్లో రక్తంలో విపరీతంగా పెరుగుతుంది, ఆ తర్వాత రోజురోజుకూ దిగుతుంది. ఈ మందుకు రెండు సూదుల మధ్య సరిగ్గా నడిమి రోజుల్లో రక్తం తీయాలి. మూడో రోజు అంకె చూసి తిట్టడమంటే, వరద రోజు మున్నేరు నీటిమట్టం కొలిచి ఏడాదంతా ఇంతే పారుతుందని రాసుకోవడమే.

అంతకన్నా మండే సంగతి ఇంకోటి ఉంది. అదే కాగితంలో కింద సీబీసీలో హెమటోక్రిట్ 53 ఉంది. నిజంగా భయపడాల్సింది దానికి! ఈ మందుతో ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. 54 దాటితే ఆపి, తగ్గాక తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టాలి. నాకు నీతులు చెప్పిన పెద్దమనిషి ఆ లైను మీద వేలు కూడా పెట్టలేదు. గురక ఉందా అని మా డాక్టరుగారు మా ఆవిడను అడిగారు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నా హెమటోక్రిట్ పెరుగుతుందట. నాకు లేదు. ఒక్కసారిగా అంత పైకి లేవకుండా 125 చొప్పున పది రోజులకోసారి వేశారు, తర్వాత అన్‌డెకనోయేట్ అనే, ఎక్కువ వారాలు పనిచేసే రకానికి మార్చారు.

ఆసుపత్రి ఫైలులోని ఆ ముక్క తీయించడానికి కూడా తిరిగాను. రికార్డుల కౌంటర్‌లో "ఎక్కింది తీయడం కుదరదు సార్" అన్నారు. హైదరాబాద్ డాక్టరుగారి ఉత్తరం పక్కన జతచేయించగలిగాను, అంతే. రేపు ఇన్సూరెన్స్ వాళ్లు ముందు ఏది చదువుతారో!

బస్టాండు గోడల మీద "మగతనం" పోస్టర్లు, జిమ్ముల్లో చీటీ లేకుండా పొడుచుకునే కుర్రాళ్లు, ఇవి చూసీ చూసీ ఈ మందు పేరెత్తితే అందరికీ ఒకటే ఆలోచన. జబ్బు పడినవాడు కూడా దొంగలా కొనుక్కోవాలి. షుగర్ ఉన్నవాడు ఇన్సులిన్ కొంటే ఎవరూ కన్ను కొట్టరు.

ఇప్పుడు ప్రతి రిపోర్టు మీదా సూది తారీఖు, రక్తం తీసిన తారీఖు నేనే పెన్నుతో రాస్తాను. గ్రాఫు కాగితం మీద గీసిన నా చార్టు చూసి డాక్టరుగారు ఫోటో తీసుకున్నారు, మిగతా పేషెంట్లకు చూపిస్తారట. ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, కొన్ని మిషన్లలో అంకె తారుమారవుతుంది.

అన్‌డెకనోయేట్ అయితే 1000 మిల్లీగ్రాములు, నాలుగు మిల్లీలీటర్ల చిక్కటి ఆముదపు మందు. మొదటిది, ఆరు వారాలకు రెండోది, ఆ తర్వాత నాకు పన్నెండు వారాలకోసారి. దీనికి రక్తం ఇవ్వాల్సింది మధ్యలో కాదు, తర్వాతి సూదికి ముందు. వీధి చివర కాంపౌండరు చేత గబగబా పొడిపించుకోకండి. పిరుదు కండలో లోతుగా, రెండు నిమిషాలు పట్టేలా నెమ్మదిగా ఎక్కించాలి. నూనె ఊపిరితిత్తులకు చేరితే దగ్గు, ఆయాసం వస్తాయి, అందుకే తర్వాత అరగంట అక్కడే కూర్చోబెడతారు. సూది భయం ఉన్నవాళ్లకు రోజూ రాసుకునే జెల్ కూడా ఉంది. నేను వద్దన్నాను. రాసుకున్న చోట పిల్లల చర్మం తగిలితే వాళ్లకూ అంటుతుంది, మా పాప ఇంకా నా భుజం మీదే నిద్రపోతుంది.